హొలెండర్ వాళ్ళబ్బాయి

పెట్టె రెండు దుంగల మీద ఉంది, అందులో నాన్న ఉన్నాడు, గొయ్యి తవ్విన ఇద్దరు మనుషులు అకేసియా చెట్టు కింద కూర్చుని ఒకే సిగరెట్టును మార్చి మార్చి పీలుస్తున్నారు, డోర్కా ఇంకా రాలేదు. వస్తుంది. ఫోన్లో చెప్పింది కదా, అమ్మా నువ్వేం కంగారుపడకు, మధ్యాహ్నం బండికి నా స్నేహితుల్ని నేను తీసుకొస్తాను అని. పద్నాలుగేళ్ళ పిల్ల. తాత పోయాడని చెబితే ఏడుస్తుందని, ఏడిస్తే ఏమనాలో కూడా ముందే అనుకుని పెట్టుకుని, ఆస్పత్రి వరండాలో గోడకున్న ఫోన్లో నాణేలు వేసుకుంటూ నిలబడ్డాను. అటు వెనక ఎక్కడో పిల్లలు బల్లలు చరుస్తూ పాడుతున్నారు, భోజనాలు అయినట్టున్నాయి. తర్వాత అది ముక్కు ఎగబీల్చి అడిగిన మొదటి మాట, "పదిమంది ఉన్నారా అమ్మా?" ఏ పదిమంది, అన్నాను. "కద్దిష్ చెప్పాలంటే పదిమంది ఉండాలి. నీకు తెలీదా?" తెలీదు. నాకేం తెలుసు. పళ్ళసెట్లు పోత పోయడం తెలుసు, గులాబీ రంగు చిగురులో పింగాణీ పన్ను ఎంత లోతుకు దిగాలో తెలుసు. చచ్చిపోయిన తండ్రిని పెట్టుకుని ఎవరెవరిని పిలవాలో, ఎవరు ఏం చదవాలో నాకు ఎవరు చెప్పారు గనక. అదే పిల్ల, ఆ వేసవి శిబిరానికి పంపకపోతే, దానికీ తెలిసేది కాదు. ఇద్దరం కలిసి ఏమీ తెలియకుండా ఉండేవాళ్ళం.

ఎండ తగ్గడం లేదు. ఈ నీర్‌కూత్ ఇసుకనేల పగలంతా తాగిన ఎండను సాయంత్రం తిరిగి కక్కుతుంది. నాన్న చెప్పేవాడు కాదు ఇది, నేనే ఇప్పుడు నా చెప్పుల్లోంచి తెలుసుకుంటున్నాను. ఆయన పుట్టిన ఊరికి నేను రావడం ఇదే మొదలు. నలభై రెండేళ్ళకి. గేటు దగ్గర రైస్మన్‌గారు నిలబడి రోడ్డువైపు చూస్తున్నారు, ఇంత ఎండలోనూ నల్లకోటు విప్పలేదు. ఒకప్పుడు జిల్లా కేంద్రంలో మందుల షాపు నడిపిన మనిషట, ఇప్పుడు ఆ చుట్టుపక్కల మిగిలిన యూదులకు పెద్ద ఆయనే, చిన్నా ఆయనే. నిన్న ఆయనకు ఫోన్ చేస్తే "మగవాళ్ళు పదిమంది కావాలి తల్లీ, నాతో కలిపి ముగ్గురం ఉన్నాం, అందులో ఒకడు నడవలేడు" అన్నారు, ధర చెబుతున్నట్టు. ఆ నడవలేని మనిషి ఫిషర్ తాత, కారులోంచి మడత కుర్చీలోకి మార్చి గోడనీడన కూర్చోబెట్టారు. ఇందాకట్నుంచి టోపీతో విసురుకుంటూ పెట్టెవైపు ఒక కన్ను, నావైపు ఒక కన్ను వేసి ఉన్నాడు. మూడో ఆయన లుస్టిగ్, పొద్దున నాన్నకు స్నానం చేయించి తెల్లబట్ట చుట్టింది ఆయనా రైస్మన్‌గారూ కలిసి. నన్ను లోపలికి రానివ్వలేదు. తలుపు బయట నిలబడి నీళ్ళు పోస్తున్న చప్పుడు విన్నాను. సన్నగా, తొందర లేకుండా, పసిపిల్లకి పోస్తున్నట్టు పోశారు.

పదిమంది లేకపోతే ఏమవుతుందని అడిగాను. ఏమీ కాదన్నారు రైస్మన్‌గారు, పాతిపెట్టొచ్చు, కద్దిష్ మాత్రం చెప్పలేం. పోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళు చెప్పే మాటలు అవి, ఒంటరిగా చెప్పుకునేవి కావు, పదిమంది నిలబడి ఆమేన్ అనాలి. నాన్నకి అవేం అక్కర్లేదండీ, ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు, క్రిస్మస్‌కి చెట్టు పెట్టేవాడు, పంది సాసేజ్ ఆయన చేతులతో పొగపెట్టేవాడు అని చెప్పబోయి ఊరుకున్నాను. ఎందుకంటే సోమవారం సాయంత్రం ఆస్పత్రి మంచం మీద నా మణికట్టు పట్టుకుని, గట్టిగా, ఆ ఎముకల్లో అంత బలం ఎక్కడ దాచుకున్నాడో, "ఇల్దీ, నన్ను కాల్చొద్దు" అన్నాడు. నాన్నా ఎందుకలా మాట్లాడతావు, ఎల్లుండికల్లా ఇంటికెళ్ళిపోతాం అన్నాను. ఆయన నా మాట వినిపించుకోలేదు. "మా ఇంట్లో అందర్నీ కాల్చేశారు. నన్నొక్కణ్ణయినా మట్టిలో పెట్టు. మా ఊళ్ళో, మా తాత పక్కన." అంతే, మళ్ళీ దిండులోకి వెళ్ళిపోయాడు. నలభై రెండేళ్ళలో ఆ విషయం నాతో మాట్లాడింది ఆ మూడు వాక్యాలు. గురువారం తెల్లారేసరికి పోయాడు. ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండానే దహనమేగా అంది. అందరూ అదే చేస్తున్నారు ఈమధ్య, చవక, బూడిద చిన్న కుండలో పెట్టి ఇస్తారు. నేను ఊఁ అన్నాను. అలవాటుకొద్దీ అనేశాను. మెట్లదాకా వెళ్ళాక నా మణికట్టు నొప్పి పుట్టింది, ఆయన పట్టుకున్న చోటే. పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను, వద్దు, వద్దు, ఆపండి, అని అరిస్తే ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

రోడ్డు మీద దుమ్ము లేచింది. ట్రాక్టరు. రైస్మన్‌గారు గేటు కడ్డీ మీద వేళ్ళతో కొడుతున్నారు. ఈ రోజు శుక్రవారం, పొద్దుగూకితే వాళ్ళ విశ్రాంతి దినం మొదలు, ఆయన కారు నడపరు, చాలా దూరం పోవాలి. పిల్లలు కూడా చీకటి పడేలోపు తిరిగి శిబిరం చేరాలి. అందరికీ చీకటి భయమే. రేపటిదాకా ఆగుదామంటే శనివారం పాతిపెట్టరట, ఆదివారం దాకా ఈ ఎండలో... వద్దు. అది తలుచుకోకూడదు. శిబిరం డైరెక్టరమ్మ హేది రాత్రి ఫోన్ చేసింది, గొంతు తగ్గించి. "ఇల్దికోగారూ, నా పరిస్థితి అర్థం చేసుకోండి, ఊరుగాని ఊరు పిల్లలు, తల్లిదండ్రుల్ని అడక్కుండా స్మశానానికి ఎలా పంపను? సగంమందికి ఇంట్లో ఫోన్లే లేవు." నేను సరే అన్నాను. నాకు ఎవర్నీ బతిమాలే అలవాటు లేదు, అది నాన్న పెంపకం, అడక్కు, కనపడకు, వరసలో మధ్యలో నిలబడు. డోర్కా మాత్రం ఆవిడ వెంటపడినట్టుంది. పొద్దున మళ్ళీ ఫోన్ చేసి, "కొందరి ఇళ్ళలోవాళ్ళు ఒప్పుకున్నారమ్మా, ఎంతమందో ఇప్పుడే చెప్పలేను, నువ్వు వాళ్ళని ఆగమను" అంది. ఆగమన్నాను. ఆగారు. పెట్టె ఆగింది, గొయ్యి ఆగింది.

నాకు ఇల్దికో అని పేరు పెట్టింది ఆయనే. అమ్మ వేరే పేరు అనుకుందట, ఆయన ఒప్పుకోలేదు. వెయ్యేళ్ళనాటి హంగేరీ పేరు, గుర్రాలూ గుడారాలూ ఉన్న పేరు, ఏ తరగతిలో పిలిచినా ఎవరూ తల తిప్పి చూడని పేరు. ఆయన ఎలెమేర్ హల్మోష్. ఆ పేరు కూడా ఆయన వేసుకున్న చొక్కాయే అని నాకు పదకొండేళ్ళప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. మంచు పడి బళ్ళో ఆడుకుంటుంటే జలోగ్ అనే కుర్రాడు మంచు మీద జారే నా చెక్కబండిని కాలితో ఆపి, మీ నాన్న యూదుడటగా, మా అమ్మ చెప్పింది, అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మీ ఇంట్లో కుక్క ఉందటగా అన్నట్టు అన్నాడు. ఇంటికొచ్చి అడిగాను. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచి నన్ను చూశాడు, రేడియో పెద్దది చేశాడు, మొహం తుడుచుకుని నెమ్మదిగా వచ్చి కూర్చున్నాడు. "అది ఒక మతం. మనకి మతం లేదు. సూపు చల్లారిపోతోంది, తాగు." తాగాను. అందులో నూడుల్స్ ఉన్నాయి, క్యారెట్ ఉంది, నాకు ఆ రుచి ఇప్పటికీ గుర్తుంది. తర్వాత ఎన్నేళ్ళు తాగానో ఆ సూపు. డోర్కా వాళ్ళ నాన్నకు కూడా పెళ్ళయిన రెండేళ్ళకు గానీ చెప్పలేదు, చెబితే ఆయన నవ్వి, అందుకేనా మీ నాన్న నన్ను ఎప్పుడూ వెనకనుంచి చూస్తాడు అన్నాడు. ఆయన వియన్నా వెళ్ళిపోయింది దీనివల్ల కాదు. అయినా వెళ్ళిపోయాడు.

శిబిరానికి పంపింది నేనే, అదీ చవకని పంపాను. ఎవరికైనా ఇంకో కారణం చెబితే అబద్ధం. వేసవి సెలవులు, బడి లేదు, పళ్ళ లేబొరేటరీకి సెలవు లేదు, అప్పటికి పన్నెండేళ్ళ పిల్లని రోజంతా ఆరో అంతస్తులో తాళం వేసి పోవాలి. నా పక్క బల్ల మీద పనిచేసే ఆవిడ చెప్పింది, తిస్సా నది ఒడ్డున యూదుల పిల్లల వేసవి శిబిరం ఉందట, రెండు వారాలు, విదేశాలవాళ్ళెవరో డబ్బు కడతారట, తాతో అమ్మమ్మో ఒక్కరు యూదులైనా చాలట. నాకు మొదట ఎలర్జీ వచ్చినట్టయింది, ఒళ్ళంతా. యూదుల పిల్లల్ని ఒకచోట చేర్చి కంచె వేయడమా, ఎవరికి తట్టింది ఈ ఆలోచన అనుకున్నాను. తర్వాత ఈత కొలను ఫోటో చూపించారు. నాన్నకి చెప్పాను. ఆయన చాలాసేపు టేబుల్ క్లాత్ మీద రొట్టె పొడిని వేలితో ఒకచోటికి చేర్చాడు. చివరికి, "నది లోతెంత అక్కడ?" అన్నాడు. అంతే అడిగాడు. నది లోతు.

అది తిరిగొచ్చినప్పుడు నల్లగా మాడిపోయి, గొంతు బొంగురుపోయి, మోచేతులకు గాయాలతో ఉంది, నా పిల్లేనా అనిపించింది. తిన్నాక బల్ల చరుస్తూ పాడేది. కింద ఫ్లాటువాళ్ళు చీపురుకర్రతో పైకప్పు కొట్టేవాళ్ళు, ఇది ఆ తాళానికి కూడా పాడేది. పక్కదేశాలనుంచి, నోవీ సాద్ నుంచి, కోషిత్సె నుంచి, క్లుజ్ నుంచి వచ్చిన పిల్లల పేర్లు చెప్పేది, అందరూ తలా ఒక భాష మాట్లాడతారు కానీ పాటలు ఒకటే అమ్మా అనేది. ఒక పిల్లకి అక్కడికి వచ్చే ముందు రోజు బస్టాండులో చెప్పారట నువ్వు యూదురాలివని, అది మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట, నాలుగో రోజు రాత్రి అందరి మంచాల మీదకీ ఎక్కి దూకిందట. ఇలాంటి కథలు. ఆదివారం నాన్న భోజనానికొచ్చాడు, ఆయన పొగపెట్టిన సాసేజ్ తెచ్చాడు. అది ప్లేటు పక్కకి జరిపింది.

"ఏమే, మా సాసేజ్‌కి ఏమొచ్చింది?"

"నేను తినను తాతా. మనం తినం."

"మనం అంటే ఎవరు?"

"మనమే. నువ్వూ నేనూ అమ్మా."

నాన్న ఫోర్కు కింద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు, అదే భయం వేసింది నాకు. టోపీ తీసుకుని మెట్లు దిగిపోయాడు, లిఫ్టు కోసం కూడా ఆగలేదు. ఆ రాత్రి నేను శిబిరానికి ఫోన్ చేసి హేది మీద అరిచాను, నా ఇంట్లో చిచ్చుపెట్టడానికి మీరెవరు, ఏం నేర్పారు మీరు నా పిల్లకి? ఆవిడ ఓపిగ్గా విని, "ఎక్కువేం నేర్పలేదండీ. నాలుగు పాటలు, మూడు దీవెనలు. మిగతావన్నీ అదే అడిగింది" అంది. అదే అడిగింది. అడగడం ఎక్కడ నేర్చుకుంది? నా దగ్గర కాదు.

నాన్న చాలా వారాలు రాలేదు. తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం ఆల్‌బుఖరా పళ్ళు పట్టుకుని వచ్చాడు, తోటలో రాలిపోతున్నాయి, పారేయడం ఎందుకని అంటూ. డోర్కా అప్పుడే రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో మొహం కప్పుకుని ఏదో గొణుగుతోంది. ఆయన వంటింట్లోనే, దానికి వీపు పెట్టి, సింక్ దగ్గర నిలబడి పళ్ళు ఒక్కోటీ కడిగాడు. అది అయిపోయేదాకా కడిగాడు. మరుసటి శుక్రవారం టమాటాలు, ఆపై శుక్రవారం ఏమీ లేకుండా, ఊరికే, ఇటు పని ఉండి వచ్చానన్నాడు. ట్రాములో రెండు మార్పులు ఉన్నాయి ఆయన ఇంటినుంచి మా ఇంటికి. ఇటు ఎవరికీ పని ఉండదు.

"వస్తారా వీళ్ళు?" అంటున్నాడు ఫిషర్ తాత, టోపీ ఆపి. "పిల్లల్ని నమ్ముకుని కూర్చున్నాం. నా మనవడు పక్కవీధి నుంచి సిగరెట్లు తెమ్మంటే మర్నాడు తెస్తాడు." లుస్టిగ్ గారు ఉష్షన్నారు. ఫిషర్ తాత నావైపు చూసి, "నీ మొహం అచ్చం మీ నాయనమ్మది" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. "మీకు తెలుసా ఆవిడ?" "ఎందుకు తెలీదు? బట్టలకొట్టు. మా అమ్మకి గజం అరగజం ఎప్పుడూ ఎక్కువే కొలిచేది." ఇంకేదో చెప్పబోయాడు, ఆయనకు దగ్గు వచ్చింది, ఆ దగ్గులో మా నాయనమ్మ కొట్టుకుపోయింది. ఫోటో కూడా లేదు ఆవిడది. నా మొహం ఆవిడది అని అద్దంలో ఇన్నేళ్ళు చూసుకుంటూ నాకు తెలియదు.

డోర్కాకి తెలుసు. అది నాకంటే ఎక్కువ తెలుసుకుంది, అందుకు దాని మీద నాకు కుళ్ళు, ఈ ఎండలో ఈ గొయ్యి పక్కన ఒప్పుకుంటే ఏం పోయింది. రెండో ఏడు శిబిరంలో చెప్పారట, మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని ఒక్క ప్రశ్న అడిగి రండి, ఒక్కటే, బాగా ఆలోచించుకుని. శీతాకాలం, నేను పక్కగదిలో ఇస్త్రీ చేస్తున్నాను, అది వంటింట్లో ఆయన్ని అడిగింది, "తాతా, మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది?" నేను ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని ఆగిపోయాను. ఇప్పుడు లేచిపోతాడు, టోపీ, మెట్లు, అనుకున్నాను. తర్వాత ఆయన గొంతు, నేనెప్పుడూ వినని గొంతు, "మెండీ," అంది. "పేరు ఎమానుయేల్. ఎమానుయేల్ హొలెండర్. గుళ్ళో మెనహెం, ఇత్సాక్ కొడుకు. మా అమ్మ మెండీ అనేది, కోపం వస్తే మెండ్లీ అని సాగదీసేది." డోర్కా నవ్వింది. ఆయనా నవ్వాడు. నా చేతిలో ఇస్త్రీపెట్టె కాలుతూనే ఉంది. నేను అడగలేదా నాన్నా? పదకొండేళ్ళప్పుడు అడిగాను కదా. నాకు సూపు పోశావు.

ఆ ఒక్క ప్రశ్నతో తలుపు తెరుచుకుని శుక్రవారాలన్నీ దాని దగ్గరే. చెల్లెలు ఎర్నా, తొమ్మిదేళ్ళది, పక్షి ఈకలు పోగుచేసేది. పదిహేడేళ్ళకి ఈయన్ని వెట్టిచాకిరీ దళంలో రోడ్లు వేయడానికి పట్టుకుపోయారు. ఈయన అక్కడ కంకర కొడుతుండగానే ఇక్కడ వాళ్ళని ఈ వీధిలోంచే నడిపించి స్టేషన్‌కి తీసుకెళ్ళారు, మూటలతో, ఒక్కొక్కరినీ లెక్కపెట్టి సామాన్ల బోగీల్లో ఎక్కించారు. తిరిగొచ్చి చూస్తే ఇంట్లో దీపం ఉంది, ఎవరివో పిల్లలు భోంచేస్తున్నారు. రోడ్డుకి అవతల నిలబడి చూసి, వచ్చిన బండికే వెళ్ళిపోయాడట. ఇవన్నీ డోర్కా నాకు అంట్లు తోముతూ చెప్పేది, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు, మధ్యలో ప్లేటు అందించమనేది. మూడో వేసవికి దాన్ని శిబిరం బండి ఎక్కించడానికి ఆయనే వచ్చాడు. ప్లాట్‌ఫాం నిండా పిల్లలు, గిటార్లు, అరుపులు. బండి కదిలాక ఆయన చెయ్యి ఊపలేదు. కిటికీల్లోంచి బయటికి వేలాడుతున్న ఆ చేతులన్నిటినీ చూస్తూ నిలబడి, "చూడు, ఎలా అరుస్తున్నారో" అన్నాడు. అది ఫిర్యాదో ఇంకేమిటో నాకు తెలియలేదు. పోయినవారమే అది.

రైస్మన్‌గారు గడియారం చూసుకుని వెనక్కి తిరిగారు. ఇక చాలని చెప్పడానికే వస్తున్నారు, నడకలోనే తెలుస్తోంది, చేతులు ముందే విడదీసి క్షమించమన్నట్టు పెట్టుకున్నారు. తవ్వినవాళ్ళు లేచి ఒళ్ళు విరుచుకున్నారు. ఇంకొక్క నిమిషం, అన్నాను. మా నాన్న జీవితంలో ఎవర్నీ ఏమీ అడగలేదండీ, ఇంకొక్క నిమిషం. అప్పుడు లుస్టిగ్ గారు చెయ్యెత్తి చూపించారు.

బస్సు కాదు, నడిచి వస్తున్నారు. స్టేషన్‌నుంచి మట్టిరోడ్డు మీద గుంపుగా, అందరూ తెల్లచొక్కాల్లో, శుక్రవారం కదా, శిబిరంలో శుక్రవారానికని దాచుకున్నవి ముందే తొడుక్కొచ్చినట్టున్నారు, మోకాళ్ళదాకా దుమ్ము. ముందు డోర్కా. దానివి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. నా దగ్గరకు రాలేదు ముందు, పెట్టె దగ్గరకు వెళ్ళి పలక మీద అరచెయ్యి ఆనించి ఏదో అంది, తర్వాత వచ్చి నా మెడ పట్టుకుంది. చెమట వాసన, బండి వాసన, చవక సబ్బు వాసన. "రానివ్వలేదమ్మా అందర్నీ. హేది ఫోన్లు చేస్తూనే ఉంది. ఇంతమందే దొరికారు." రైస్మన్‌గారు అప్పటికే వాళ్ళ మధ్యకు వెళ్ళారు, పదమూడు నిండినవాళ్ళే లెక్కలోకి వస్తారట. నీకెన్నేళ్ళు బాబూ, పదిహేను, నీకు, పదహారు, నీకు. సోమా అని పొడుగాటి కుర్రాడు, తలమీద టోపీకి బదులు రుమాలు కట్టుకుని, అందరి తరఫునా జవాబులు చెబుతున్నాడు. ఆరుగురు మగపిల్లలు. డోర్కాతో కలిపి ఐదుగురు ఆడపిల్లలు. రైస్మన్‌గారి పెదాలు కదిలి ఆగిపోయాయి. ముగ్గురూ ఆరుగురూ తొమ్మిది, తవ్వినవాళ్ళు యూదులు కారు.

"తొమ్మిదిమందిమి," అన్నారు ఆయన, ఎవరివైపూ చూడకుండా. "ఒక్కరు తగ్గారు."

"మేం ఐదుగురం ఉన్నాం కదా," అంది డోర్కా.

"మీరు లెక్కలోకి రారమ్మా. నేను పెట్టిన నియమం కాదు."

"కద్దిష్ చెప్పేది నేనే. నాకు నోటికొచ్చు. తాత నన్నే చెప్పమన్నాడు."

నాకది తెలియదు. నాతో అనలేదు నాన్న. అది పళ్ళు బిగబట్టింది, పక్కన ఆడపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. సోమా రుమాలు సరిచేసుకుంటూ నేలవైపు చూస్తున్నాడు, ఇసుకలో చీమలు. ఇంత దూరం నడిచొచ్చారు. రైస్మన్‌గారు మంచి మనిషి, పొద్దున నా తండ్రికి అంత సన్నగా నీళ్ళు పోసిన మనిషి. అయినా నా లోపల ఏదో లేచింది, కడుపులోంచి, ఎన్నేళ్ళుగానో అక్కడే ఉన్నది, సూపు కింద. నేను మాట్లాడుతున్నానని నా మాట బయటికొచ్చాక గానీ తెలియలేదు.

"ఈ ఊరి స్టేషన్లో మా మేనత్తని లెక్కపెట్టారు కదండీ? ఎర్నా. తొమ్మిదేళ్ళది. ఆడపిల్ల లెక్కలోకి రాదని అప్పుడు ఒక్కడన్నాడా?"

తవ్వేవాళ్ళలో ఒకడు సిగరెట్టు నలిపేశాడు. రైస్మన్‌గారు కళ్ళజోడు తీసి కోటుకి తుడిచారు, చాలాసేపు తుడిచారు, ఆ కళ్ళజోడు లేని మొహం ఎంత ముసలిదో అప్పుడు చూశాను, అనకూడని మాట అన్నాను అనుకున్నాను, వెనక్కి తీసుకోలేను, తీసుకోను. అప్పుడు కుర్చీలోంచి ఫిషర్ తాత రైస్మన్‌గారివైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"ఒరే లాయోష్, ఎండకి చచ్చేలా ఉన్నాను, నన్ను కూడా ఇక్కడే పెట్టాల్సొస్తుంది. చెప్పనీరా ఆ పిల్లని. పైవాడికి లెక్కల మీద అంత పట్టింపే ఉంటే అప్పుడే చూసుకోవాల్సింది."

"నేను ఏమీ వినలేదు," అన్నారు రైస్మన్‌గారు. సరే అనలేదు. కళ్ళజోడు పెట్టుకుని తూర్పు గోడవైపు తిరిగి నిలబడ్డారు, అంతే. తాళ్ళు వేశారు. పెట్టె దిగుతుంటే తెల్లచొక్కాల కుర్రాళ్ళు కూడా తాళ్ళు పట్టుకున్నారు, నాన్న ముఖం ఎప్పుడూ చూడని పిల్లలు, ఒకడి అరచేతిలో తాడు జారి రాసుకుపోతే పళ్ళ మధ్య గాలి పీల్చాడు గానీ వదల్లేదు. ఎంత తేలికగా దిగింది. ఇసుక అంచుల నుంచి తనంతట తనే జారుతోంది. డోర్కా మొదలుపెట్టింది. గొంతు మొదటి మాట దగ్గరే విరిగిపోయింది, మళ్ళీ ఎత్తుకుంది. ఏమిటో ఆ భాష, నాది కావాల్సిన భాష. అందులో చావు అన్న మాటే లేదని ఒకసారి అది చెప్పింది, ఉన్నదంతా పొగడ్తేనట. ఇంత జరిగాక పొగడ్తా అన్నాను అప్పుడు. అందుకే పదిమంది కావాలేమో, ఒక్కరి నోటితో అనలేని మాట. మొదటి ఆగుడు దగ్గర ఆమేన్ అన్న మొట్టమొదటి గొంతు రైస్మన్‌గారిది, తిరిగి చూడకుండానే, గోడవైపే, అందరికంటే గట్టిగా. తర్వాత పిల్లలు. తర్వాత నేను, ఒక అడుగు వెనకబడి. తర్వాత ఆగుడు ఎక్కడొస్తుందో తెలియక డోర్కా స్నేహితురాలి పెదాలు చూస్తూ ఉన్నాను, ఆ పిల్ల గమనించి, ప్రతిసారీ ముందుగా తల ఊపింది. చివర్లో రైస్మన్‌గారు విడిగా చదివిన ప్రార్థనలో మెనహెం, ఇత్సాక్ కొడుకు అన్న పేరు మాత్రం నాకు అర్థమైంది. పెట్టె మీద పడ్డ మొదటి పార మట్టి చప్పుడు చేసింది, తర్వాత్తర్వాత చేయలేదు.

ఏడు రోజులు సంతాపంగా ఇంట్లో కూర్చోవాలి మీరు, కూతురు కదా, అన్నారు రైస్మన్‌గారు కారు ఎక్కుతూ, మనుషుల్ని రానివ్వండి, తలుపు తీసి ఉంచండి. ఎవరొస్తారండీ, అనబోయాను. ఆరో అంతస్తు, చీపురుకర్రవాళ్ళు. డోర్కా నా సంచి తీసి తన భుజాన వేసుకుంది.

"అమ్మా, మాతో రా. ఈ రాత్రి ఒక్కదానివే ఇంటికెళ్ళొద్దు."

"అక్కడ నన్నేం చేస్తారే?"

"ఏం చెయ్యరు. కూర్చోబెడతారు."

నడుస్తున్నాం. వీధి పొడుగునా బాతులు, ఆపిల్ కొమ్మలు వంగిన కంచెలు, మూసిన తలుపుల వెనక టీవీల చప్పుడు. స్టేషన్‌కి ఉన్నది ఇదొక్కటే వీధి. వాళ్ళనీ నడిపించింది ఇదే రోడ్డున, ఇటే, ఇలాగే గుంపుగా, పిల్లలు ముందూ పెద్దవాళ్ళు వెనకా. ఒక్కో ఇంటి తెర ఒక్కో వేలెడు పక్కకి జరుగుతోంది. నా ముందు నడుస్తున్న ఈ తెల్లచొక్కాలకి తెలుసా? డోర్కా వీపు చూశాను, తిన్నగా ఉంది, తెలుసు దానికి, తెలిసే ముందు నడుస్తోంది. ఒక ముసలావిడ గేటు దగ్గర నిలబడి బఠాణీలు ఒలుస్తోంది, ఏప్రను నిండా తొక్కలు. మమ్మల్ని చూసి చేతులు ఆపింది.

"ఎవరమ్మా పోయింది?"

"హొలెండర్ వాళ్ళబ్బాయి," అంది డోర్కా.

"ఏ హొలెండర్? బట్టలకొట్టు హొలెండరా?" ఆవిడ కళ్ళు చికిలించి మా ఒక్కొక్కరి మొహం వెతికింది, నా దగ్గర ఆగింది, నా దగ్గరే ఉండిపోయింది. "వాళ్ళల్లో ఎవరూ మిగల్లేదన్నారే."

ఎవరన్నారని నేనడగలేదు.

"మిగిలాం," అన్నాను. "నేను వాళ్ళ మనవరాలిని. ఇది నా కూతురు."

వీధంతా వినపడింది. ముసలావిడ తొక్కలున్న ఏప్రను రెండు చేతులా దగ్గరికి పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది, లోపల గడియ పడిన చప్పుడు మా ఇద్దరికీ వినపడింది. మిగతా పిల్లలు చాలా ముందుకెళ్ళిపోయారు. మలుపు దగ్గర సోమా ఆగి, రుమాలు విప్పి ఊపుతూ, బండి వచ్చేస్తోందని మా ఇద్దరికోసం అరుస్తున్నాడు.